మేస్త్రీ లేని ఆకాశం

ఏ గ్రంథం చేతికి వచ్చినా ముందుగా చివరి పుట తిప్పి ఫలశ్రుతి చూడడం మా నాన్నగారి వద్ద చదువుకొన్ననాడే నాకు అబ్బిన అలవాటు. దీనిని చదివినవారికి లభించేది ఆరోగ్యమా, సంతానమా, వాక్శుద్ధియా? ఆ సంగతి తేలిన తరువాతనే మొదటి పుటకు రావడం. ఎనభైల నడుమ ఒకనాటి మధ్యాహ్నం, కామాఠిపురాలో, వరుస గదుల మా చాల్ రెండవ అంతస్తులో, పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో, నేలమీద కూర్చుని ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం చివరి పుట అట్లే తిప్పాను. ఫలశ్రుతి లేదు. మొదటినుంచి చదివాను. నక్షత్రాలున్నాయి, ఓడ ఉన్నది, సరకులున్నాయి, దారికాచే దొంగలున్నారు; ఎందుకు బయలుదేరాలో, ఎక్కడికి చేరాలో, చేరితే ఏమవుతుందో మాత్రం ఎక్కడా వ్రాసి లేదు. అది ఒక కంప్యూటర్ ఆటకు సంబంధించిన పుస్తకం.

ఆ ఖోలీ అవ్వది. వారి వైపు అవ్వ అంటే అమ్మ; కన్నకొడుకుకు ఆమె ఎంత అవ్వయో, చాల్ అంతటికీ అంతే. పాలమూరు ప్రాంతంనుంచి పెండ్లయిన ఏడాదే కూలి ముఠాతో వచ్చి, ముప్ఫై ఏండ్లపాటు నెత్తిన సిమెంటు తట్టతో వెదురు పరంజాలెక్కి ఈ నగరపు మేడలను లేపినవారిలో ఆమె ఒకతె. మోకాళ్లు మొరాయించిన తరువాత ఇంటిపట్టున ఉండేది. కొడుకు గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్. కోడలు అత్తతో ఇక్కడే ఉండి, మిషన్‌మీద జాకెట్లు కుట్టేది. భార్య కొత్త విద్య ఏదైనా నేర్చుకొనగలదన్న ఆశతో ఆ కొడుకు, సెలవుపై వస్తున్న స్నేహితుని చేత ఈ చిన్న కంప్యూటర్‌ను పంపాడు. పలకంత పెట్టె, దానిమీద రబ్బరు మీటలు. దానిని టీవీకి తగిలించి, మామూలు టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెడితే, అయిదు నిమిషాలపాటు చెవులు చిల్లులుపడే కీచుధ్వని వెలువడి, ఆట లోపలికి ఎక్కుతుంది. ఆ వరుసలో ఇంగ్లీషు చదవగలిగినదాన్ని నేనొక్కతెనే. ఉదయం బడిలో తెలుగు పాఠం చెప్పి పన్నెండింటికి ఇల్లు చేరే పంతులమ్మను, మధ్యాహ్నాలు నావి.

తక్కిన క్యాసెట్లలోని ఆటలు తేటగా ఉండేవి. ఎక్కు, దూకు, కాల్చు, చివరకు చేరు. కోడలికి అవే ఇష్టం. గెలిచినప్పుడల్లా నోట్లో దారం పెట్టుకునే నవ్వేది. ఈ ఒక్కటే వేరు. నల్లని తెరపై తెల్లని చుక్కలు మెరిసి, మా ఓడ ఒక నక్షత్రం దగ్గర నిలిచింది. అవ్వ చేటలో బియ్యం ఏరుతూ అడిగింది.

"ఇప్పుడేం చెయ్యాలంట?"

మన ఇష్టం వచ్చిన చోటికి పోవచ్చునట, అన్నాను.

"ఎవడు చెప్తడు?"

"ఎవరూ చెప్పరు, అవ్వా."

"మేస్త్రీ లేడా?"

"లేడు."

ఆమె చేట పక్కకు జరిపి, మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి తెర ఎదుట కూర్చున్నది. చాలాసేపు చుక్కలను చూచి, మూలనున్న ఒకదానిని వేలితో తాకింది. "అయితే గా కొసకున్నదాని దిక్కు పోనీయ్, పంతులమ్మా."

ఆ తరువాతి నెలలు నాకు ఇప్పటికీ నిన్నటివలె గుర్తున్నాయి. ప్రతి నక్షత్రం వద్దా గుండ్రంగా తిరిగే ఒక రేవు ఉండేది. దానికి అగ్గిపెట్టె మూతవంటి సన్నని వాకిలి. తిరుగుతున్న ఆ వాకిలికి సరిగా ఓడను తిప్పుతూ లోపలికి దూర్చాలి. మొదటి రోజు పదకొండుసార్లు గోడకు కొట్టుకుని తునకలైనాము. చివరకు పనిని పంచుకున్నాము: మీటలు నావి, దూరం చూచేది కోడలు, అదను చెప్పేది అవ్వ. ఊగే బల్లమీద తట్టతో నడిచిన మనిషికి కదిలేదానిమీద కాలు ఎప్పుడు వేయాలో ఒకరు నేర్పనక్కరలేదు. "ఆగు… ఆగు… ఇగ దూరు" అని ఆమె గొంతు తగ్గించి అన్న క్షణంలో నేను మీట నొక్కాను. ఓడ గోడను తాకకుండా చీకట్లోకి జారిపోయింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ఆడవారందరూ చప్పట్లు కొట్టారు. స్రగ్ధరావృత్తంలో పద్యం గణం తప్పకుండా నడిచినప్పుడు కూడా నాకు అంత సంబరం కలుగలేదు.

తెరపై కనబడే నక్షత్రాల పేర్లు ఎవరి నోటికీ తిరిగేవి కావు. అవ్వ వాటికి తాను తట్ట మోసిన మేడల పేర్లు పెట్టింది. ఒకటి ఆసుపత్రి బిల్డింగ్, ఒకటి బ్యాంకు బిల్డింగ్, సముద్రపు ఒడ్డునున్న పెద్ద హోటలు ఒకటి. ఎందుకట్లా అని నేనడిగితే చెప్పింది: "కట్టేదాకనే మనం లోపల, బిడ్డా. రంగులేసినంక దర్వాన్ రానియ్యడు." ఆ పూట మేము బ్యాంకు బిల్డింగ్‌లోకి దూరిన తీరు రాజసూయం ముగించుకున్న చక్రవర్తి నగరప్రవేశం వంటిది. ఆమె కొంగు సర్దుకుని మరీ కూర్చున్నది.

ఎటు పోవాలో ఒకరు నిర్దేశించని ఆటలో ఉండే ఆకర్షణ అంతా నాకు ఆమె ముఖంలోనే తెలిసింది. నేను పుట్టి పెరిగినది నియమాల నడుమ; యతి ఎక్కడ, ప్రాస ఎక్కడ, సర్గాంతంలో వృత్తం ఎప్పుడు మారాలి అన్నది నాకు ఊపిరి. నాకు ఆ స్వేచ్ఛ ఒక వింత. ఆమెకు అది ఆకలి తీరడం.

అయినా దానిలోని లోపాలు కూడా ఆ నేలమీద కూర్చునే చూచాను. సరకుల పట్టికలో ధాన్యం, బట్టలు, యంత్రాల నడుమ ఒక వరుస ఉండేది. దాని అర్థం చెప్పడానికి నేను తటపటాయించాను. బానిసలు. మా వీధిలో ఆడవారిని అమ్మకానికి నిలబెట్టే ఏ కిటికీల ముందు మేము తల వంచుకుని నడిచేవారమో మా ముగ్గురికీ తెలుసు. "ఆ గీత మీద వేలు పెట్టకు" అన్నది అవ్వ. పెట్టలేదు. కానీ ఆట మమ్మల్ని వారించలేదు, మెచ్చుకోనూ లేదు. దానికి రెండూ ఒకటే. కావ్యంలోనైతే పాపానికి ఫలం చూపడానికి కవి ఉంటాడు. ఇక్కడ ధర్మాధర్మ విచారణంతా ఖోలీలో కూర్చున్న ముగ్గురు ఆడవారి మీదనే పడింది.

ఇక చాలు అన్న మాట కూడా దానికి తెలియదు. పద్యానికి నాలుగవ పాదం ఉంటుంది, పప్పు ఉడికితే పొయ్యిమీదినుంచి దింపుతాము. ఈ ఆకాశానికి అంచు లేదు. నా పిల్లల వ్యాసాలు దిద్దక కట్టలుగా పేరుకున్నాయి. మా ఇంట్లో పప్పు రెండుసార్లు మాడింది. మీ ఓడ ఇవ్వాళ ఏ రేవులో ఉన్నదని మావారు కంచం ముందు కూర్చుని నిదానంగా అడిగేవారు. కోడలు కుట్టవలసిన జాకెట్ల కోసం మనుషులు వచ్చి తిరిగిపోయేవారు. ఒకనాడు ఆమెయే విసుగుతో అన్నది: "ఏడికి పోయినా గదే తిరుగుడు, గదే రేవు. ఇన్ని చుక్కలుండి ఒక్క మనిషి పలకడు గదా, అక్కా." నాలుగేండ్లుగా మగనిని ఆరు వారాలకంటె ఎక్కువ చూడని ఆమె నోట ఆ మాట వింటే, నేను మీటలమీదినుంచి చేతులు తీశాను.

ఆనాడు గల్ఫ్‌లోని వారికి మా చాల్‌లో ఉత్తరాలు వ్రాసేవారు తక్కువ. చదువురాని తల్లులు టేప్‌రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడేవారు. ఆ క్యాసెట్‌ను అటు వెళ్లే ఎవరి చేతనో పంపేవారు. జవాబూ అట్లే వచ్చేది. ఆ నెల కొడుకు పంపిన క్యాసెట్‌లో ఒక ముఖ్యమైన ప్రశ్న ఉన్నది. మరి రెండేండ్లకు సంతకం పెట్టమని కంపెనీ అడుగుతున్నది, నెలాఖరు గడువు. "పెట్టాల్నా, వచ్చెయ్యాల్నా, నువ్వే చెప్పు అవ్వా. నువ్వెట్లంటె అట్ల." అవ్వ జవాబును ఒక ఉదయం, నేను బడిలోను కోడలు రేషన్ దుకాణం వరుసలోను ఉన్న వేళ, ఒంటరిగా కూర్చుని రికార్డు చేసింది.

ఆట ఎంతవరకు వచ్చినదో దాచుకోవడానికి కూడా క్యాసెట్టే కావాలి. మా ప్రయాణమంతా కీచుధ్వనిగా దానిమీద నిలిచి ఉండేది. ఆ మధ్యాహ్నం క్యాసెట్ తీసుకుపోయే మనిషి తలుపు తట్టేసరికి ఒక దొంగ ఓడ మమ్మల్ని తరుముతున్నది. టీవీమీద ఒకే రకపు క్యాసెట్లు రెండున్నాయి. తెరమీదినుంచి చూపు తిప్పకుండా నేను ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. పిల్లలు సున్న మరచిపోతే ఎర్రసిరాతో చుట్టే పంతులమ్మను.

రెండు రోజుల తరువాత దాచిన ఆటను ఎక్కించబోతే యంత్రం తీసుకోలేదు. ధ్వని తగ్గినదేమోనని క్యాసెట్‌ను టేప్‌రికార్డర్‌లో ఊరికే వినిపించాను. అవ్వ గొంతు పలికింది.

"సంతకం పెట్టు. రెండేండ్లు కండ్లు మూసుకొని చెయ్యి. ఊర్ల ఇల్లు లేవాలె, స్లాబు పడాలె. నీ పెండ్లాం గురించి ఫికర్ చెయ్యకు, ఉంటది. ఎక్కువ సోంచాయించి మనసు ఖరాబు చేసుకోకు. నేను చెప్పినట్టు చెయ్యి."

కోడలి మిషన్ ఆగిపోయింది. నేను ఏమి చేశానో నాకు అప్పుడు తెలిసింది. కొడుకు భవిష్యత్తును తేల్చే మాట ఇక్కడ ఉన్నది. అక్కడికి పోయినది మా ఆకాశయానం. అవ్వ మాత్రం నన్ను తిట్టలేదు. పంపిన క్యాసెట్లు ఏవీ ఆమె ఎన్నడూ తిరిగి వినలేదు.

"గది నేనేనా?"

"నువ్వే, అవ్వా."

"మేస్త్రీ లెక్క ఉన్నది గదా."

గడువుకు ఇంకా పన్నెండు రోజులున్నాయని, ఇదే మాట టెలిగ్రామ్‌గా పంపిస్తానని నేను తొందరపడ్డాను. ఆమె, సంతకం పెట్టమన్నది వ్రాయవద్దని, నీ ఇష్టం అని వ్రాయమని చెప్పింది. వాడు అడిగినది నిర్ణయం, నీ ఇష్టం అంటే అది జవాబెట్లా అవుతుందని నేను వాదించాను.

"నాకు నీ ఇష్టమన్నోళ్లు ఎవరున్నరు, పంతులమ్మా? గా పెట్టె తప్ప."

నాగ్‌పాడా వైపున్న తారాఫీసులో వృద్ధుడైన మరాఠీ గుమాస్తా నా కాగితం చదివి పెన్సిలు కింద పెట్టాడు. ఇంట్లో ఎవరికైనా జబ్బా అని అడిగాడు. లేదన్నాను. చావా? పెండ్లా? అవీ కావన్నాను. రమ్మని పంపే తార్లు తాను చూచాడట, రావద్దని పంపేవి చూచాడట, ఉంటే ఉండు వస్తే రా అనేది ఈ ఉద్యోగంలో ఇదే మొదటిసారి, తప్పు వ్రాయలేదు కదా అని మళ్లీ చూడమన్నాడు. మల్లినాథునివలె నేను ఆ ఒక్క వాక్యానికి హిందీలో వ్యాఖ్యానం చెప్పి, ఎట్లాగో పంపించి వచ్చాను.

తొమ్మిదవనాటి మధ్యాహ్నం కింద ట్యాక్సీ ఆగింది. ఒక్క సంచితో కొడుకు రెండేసి మెట్లు దూకుతూ పైకి వచ్చాడు. క్యాంపులో నలుగురు స్నేహితులతో కూర్చుని తల్లి మాట కోసం అరగంట కీచుధ్వని విన్నాడట. మరునాడే అటూ ఇటూ కాని టెలిగ్రామ్ అందినదట. అవ్వకు మతి చలించినదనో, ఇంట్లో జరగరానిదేదో దాస్తున్నామనో అనుకుని సెలవు పెట్టి విమానమెక్కాడు. గడప దగ్గర నిలబడి రొప్పుతూ అడిగాడు.

"అవ్వా, నీకేమైంది?"

"ఆగు, దూరనియ్యి" అన్నది అవ్వ, తెరమీదినుంచి చూపు తిప్పకుండా.

ఓడ రేవులోకి చేరిన తరువాత నేను నా నేరం ఒప్పుకున్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూచి, "పిల్లలకు తప్పులు దిద్దేది నువ్వేనా, అక్కా?" అన్నాడు. ఆ తరువాత గోడకానుకుని కూలబడి, కండ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగిన తరువాత మళ్లీ అదే ప్రశ్న. పెట్టాల్నా, వద్దా?

అవ్వ చెప్పలేదు. మరునాడూ చెప్పలేదు. ఆ స్వేచ్ఛ ఆయనకు ఆకాశంలా తోచలేదు, భారంలా తోచింది. ఖోలీల ముందరి గ్యాలరీలో ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు, అన్నం కలుపుకుని చేయి కడుక్కున్నాడు, ఏదో ఒకటి అనవే అని తల్లిమీద గొంతు లేపాడు. తల్లి బియ్యం ఏరుతూ కూర్చున్నది. ఆమె మౌనం ఎంత గొప్పదో అంత కఠినమైనదని అప్పుడు నాకు అనిపించింది. అన్ని దిక్కులూ తెరిచి ఉన్నవాడికి, తనకోసం ఎదురుచూసేవారు ఏ దిక్కున ఉన్నారో తెలియకపోతే అడుగు పడదు.

గడువుకు ముందునాడు కోడలు మిషన్ ఆపి లేచి నిలబడింది. అత్త ముందు మగనితో ఆమె గట్టిగా మాట్లాడగా నేను వినలేదు, ఆనాటిదాకా.

"మీ అవ్వ చెప్పకుంటె నేను చెప్త. ఉండు. నాకు స్లాబు వద్దు, ఏమొద్దు. నువ్వు ఈడనే ఉండు. ఇగ నీ ఇష్టం."

అవ్వ చేటమీది చేతిని ఆపి కోడలిని చూచింది. "ఇన్నేండ్లకు నోరిప్పినవా," అన్నది. అది నింద కాదు.

మరునాడు భోజనాలయిన తరువాత కొడుకు చొక్కా వేసుకుని, ఎవరితోనూ పలకకుండా మెట్లు దిగాడు. మేము ముగ్గురమూ గ్యాలరీ కటకటాలను పట్టుకుని నిలబడ్డాము. ఎడమకు తిరిగితే ఫోరస్ రోడ్, అక్కడ బస్సెక్కితే కంపెనీవారి ఏజెంటు ఆఫీసు. కుడికి తిరిగితే నాగ్‌పాడా, అక్కడ మోటార్లకు తీగ చుట్టే ఒక కార్ఖానాలో మనిషి కావాలని చాల్ అంతటికీ తెలుసు. ఆయన వాకిలి ముందు నిలిచి బీడీ వెలిగించాడు. సగం కాల్చాడు. కోడలు నా మణికట్టు పట్టుకున్నది. ఆమె గాజులు నాకు గుచ్చుకుంటున్నా నేను చేయి తీసుకోలేదు. ఆయన బీడీ పారవేసి, కాలితో నలిపి, కదిలాడు.

అవ్వకు అంత దూరం కండ్లు ఆనవు. "ఎటు పోయిండు?" అని అడిగింది.

కోడలు చెప్పింది: "నాగ్‌పాడా దిక్కు, అత్తా."

అవ్వ అక్కడే నేలమీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కోడలు నవ్వుతూనే ఏడ్చింది. ఆ సవ్వడికి ఒక్కొక్క ఖోలీనుంచి ఆడవారు బయటికి వచ్చి ఏమైందేమైందని అడుగుతుంటే, ఇన్ని నిఘంటువులు వల్లెవేసిన నేను వీధి వైపు వేలు చూపిస్తూ నిలబడిపోయాను.