మావయ్య నొక్కిన ఎంటర్

ముప్పయ్యేళ్లుగా ఈ సంగతి చెబుతూనే ఉన్నాను, మా ఇళ్లలో ఒక్కరూ చెవిన పెట్టలేదు. పోయిన ఆదివారం విశాఖలో బంధువుల పెళ్లి జరిగితే, చర్చి హాల్లో భోజనాల దగ్గర మా బావ, అక్క భర్త, చోడవరంలో తొలి విండోస్ ప్రోగ్రాం తనదేననీ, మావయ్యకు చూపు ఆనక తప్పులు కొట్టడంతో అది మునిగిందనీ నవ్వుతూ పదిమందికీ చెప్పాడు. పక్క కుర్చీలో ఎనభై దాటిన మావయ్య తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు.

తొంభైల నడుమ బావ చోడవరం బస్టాండు ఎదుట కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు, నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి. రోలుగుంట దారిలో, ఇప్పుడు ఆనవాలైనా లేని చిన్న ఖండసారి పంచదార మిల్లు ఒకటి, నాటిన తేదీని బట్టి ఎవరి చెరకు ముందు కొట్టాలో వరస చెప్పే ప్రోగ్రాం అడిగింది. అక్కడి గుమస్తా మా మావయ్యే. పాత నల్లతెర ప్రోగ్రాంలో ఆరితేరిన మనిషి. కళ్లు కాగితం మీద, వేళ్లు కీల మీద, గడి నిండగానే ఎంటర్, మరో గడి, మళ్లీ ఎంటర్, తెర వంక చూసేవాడే కాదు. ఆ చప్పుడు వినడానికే నేను సైకిలు ఆపిన రోజులున్నాయి.

తెర మీద గడులూ బొత్తాలూ గీసిపెట్టే సరంజామాను టూల్‌కిట్ అనేవాళ్లం. మా దగ్గర రెండుండేవి. బావ మెచ్చినదాంట్లో రంగులు మిలమిలలాడేవి గానీ, ఎంటర్ నొక్కితే సేవ్ బొత్తం నొక్కినట్టే; అది మార్చాలంటే ప్రతి గడికీ విడిగా కోడు రాయాలి. నేను కోరినది వెలిసిన గోడలా ఉన్నా, అందులో ఎంటర్ మావయ్య మాట వినేది, నొక్కగానే పక్క గడికి వెళ్లేది. దాంతోనే ప్రోగ్రాం మొత్తం రాసి, ఫ్లాపీలో బావ చేతికిచ్చాను.

“ఒరే, మిల్లాయన రంగులు సూసి ఆర్డరిస్తాడు గానీ నీ ఎంటర్ సూసిస్తాడేటి? మీ మావయ్యే నేర్సుకుంటాడు, సాల్లే,” అని ఆ ఫ్లాపీ మీదే టీ గ్లాసు పెట్టాడు.

బావ మిల్లులో రంగుల ప్రోగ్రామే పెట్టాడు, సీజను మొదలైంది. మావయ్య అలవాటుగా రైతు పేరు కొట్టి ఎంటర్ నొక్కాడు, రికార్డు అంతటితో సేవైపోయింది. ఆ వెనక కొట్టిన ఊరి పేర్లు, నాటిన తేదీలు కొత్త రైతులై కూర్చున్నాయి. సాయంత్రం తలెత్తి చూసి ఆయన గతుక్కుమన్నాడు, దిద్దినంత దిద్దాడు, కొన్ని మిగిలిపోయాయి. తేదీ లేనివాళ్లను ప్రోగ్రాం జాబితాలోకి తీసుకోలేదు. ఆ మిల్లుకే చెరకు తోలే మా చిన్నాన్న అలా జారిపోయాడు. ఎదురుచూసి ఎదురుచూసి ఆయన చెరకు చేలోనే ఎండిపోయింది. తప్పంతా మావయ్యదేననీ, ఆయనకు కళ్లు ఆనవనీ బావ మిల్లాయనతో చెప్పాడు. మావయ్య ఉద్యోగం పోయింది, చిన్నాన్న చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఫోనులో ఫారం నింపుతుంటే వేలు ఎత్తకముందే తర్వాతి గడి తెరుచుకుంటుంది, అదొక దయ అని కూడా ఎవరికీ తోచదు. మావయ్య మాత్రం ఏటీఎంలో అంకెలు నొక్కడానికి నేటికీ నన్నే పిలుస్తాడు. “నా సెయ్యి మంచిది కాదురా బాబూ,” అంటాడు.

బావా, ఆ ఫ్లాపీ ఒక్కసారైనా తెరిచి చూశావా? అవునో కాదో నాకు చెప్పక్కర్లేదు, మావయ్య ఎదురుగా కూర్చుని చెప్పు. ఈసారి నవ్వకుండా చెప్పు.