ఎగిరే పళ్ళెం అని నాన్న రాయలేదు

పుప్పాలగూడలో మేం ఉంటున్న ఫ్లాటుకు రంగులు వేయించడానికని మొన్న అటక మీది సామాను దింపిస్తుంటే, పాత దుప్పట్ల అడుగు నుంచి నాన్న చెక్కపెట్టె బయటపడింది. మూత తీశానో లేదో మిషను నూనె వాసన గుప్పున కొట్టింది. లోపల మాసిన ఎర్రగుడ్డ మీద ఆయన వెర్నియర్ కాలిపర్, వెంట్రుకవాసి తేడాను కూడా పట్టుకునే ఆ స్టీలు కొలత పరికరం, తుప్పు చుక్కయినా లేకుండా ఉంది. దాన్ని పనికి వాడడం మానేసి పాతికేళ్ళు దాటినా, ప్రతి దసరాకీ తుడిచి నూనె రాసేవారు. నాన్న పోయి రెండేళ్ళయింది. ఆ వాసనకి నాకు మళ్ళీ పదేళ్ళ వయసొచ్చింది, ఏడుపూ వచ్చింది, రంగులవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా అక్కడే నేల మీద కూలబడ్డాను.

తొంభైల చివర మేం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో రెండు గదుల క్వార్టరులో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నలది తెనాలి వైపు, కాలనీలో సగం మందిది మా వైపే, కాబట్టి సాయంత్రమయ్యేసరికి వీధంతా గోంగూర తాలింపు, కాకరకాయ వేపుడు, ఎవరింట్లోనో మాడిన పాలు, అన్నీ కలిసిన ఒకే వాసన. నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. లేతు మిషను మీద తయారైన ప్రతి ఇనుప ముక్కనూ కొలిచి, సరిపోతే పచ్చ చుక్క, సరిపోకపోతే ఎర్ర చుక్క పెట్టడం ఆయన పని. ఇంట్లోనూ అదే బుద్ధి. అమ్మ ఒత్తిన పూరీని వెలుతురుకి ఎత్తి పట్టుకుని "ఇది రిజెక్టేనోయ్" అనేవారు, అమ్మ అప్పడాల కర్ర చూపించేది. నాకు మాత్రం ఒకటే పాఠం: "చూసింది చూసినట్టు రాయాలమ్మా. ఒక్క గీత ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

ఇంత కొలతల మనిషికి ఎగిరే పళ్ళేల పిచ్చి ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి. ఆదివారం పేపర్లలో వాటి మీద ఏది వచ్చినా కత్తిరించి, ఒక పొడుగాటి నోటుబుక్కులో అన్నం మెతుకులతో అంటించేవారు. వేసవి సాయంత్రాలు కరెంటు పోయిందంటే కాలనీ పిల్లలమంతా మా డాబా ఎక్కేసేవాళ్ళం. నీళ్ళు చల్లిన సిమెంటు మీద చాపలు పరుచుకుని, మామిడి తాండ్ర చప్పరిస్తూ, నాన్న చెప్పేది నోరు తెరుచుకుని వినేవాళ్ళం. అమెరికాలో ఒక పైలట్ కొండల మీదుగా మెరుస్తూ పోయే తొమ్మిది వస్తువుల్ని చూశాడట. నీళ్ళ మీద సాసరు విసిరితే ఎగిరెగిరి పోయినట్టు పోయాయని ఆయన చెబితే, పేపరువాళ్ళు వాటి ఆకారమే సాసరని రాసేశారట, ఇక ఆ తర్వాత ఊరూవాడా అందరికీ పళ్ళేలే కనబడ్డాయట. పక్కింటి తాతగారు "మన పుష్పక విమానం ముందు ఇవెంతయ్యా" అని తీసిపారేస్తే, "దాని కొలతలు ఎవరూ రాసిపెట్టలేదు కదండీ" అని నాన్న నవ్వేవారు. మర్నాడు మేం డబ్బా మూతలు విసురుకుంటూ పళ్ళేలాట ఆడేవాళ్ళం; ఒకసారి మూత దొరక్క అమ్మ కొత్త స్టీలు పళ్ళేన్నే విసిరితే అది పోయి మురిక్కాలవలో పడింది, నా వీపు విమానం మోత మోగింది. నాన్న తన జన్మలో ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. "చూడనిదాన్ని ఉందనీ అనను, లేదనీ అనను" అనేవారు, అంటూనే ఆకాశం వైపు చూసేవారు.

నాకు పదేళ్ళప్పుడు నాన్న ఫ్యాక్టరీకి తాళం పడింది. నెలల తరబడి తిరగ్గా తిరగ్గా, మాదాపూర్ అవతల ఒక పెద్ద ఐటీ భవనం కడుతున్న చోట స్టోరు చూసుకునే పని దొరికింది. అప్పుడక్కడ రోడ్డంటే ఎర్రమట్టి బాట, రెండు పక్కలా ఎవరో పేర్చిపెట్టినట్టు ఒకదాని మీదొకటి నిలిచిన బండలు, సందుల్లో సీతాఫలం పొదలు, పొదల్లో మేకలు. ఈల ఊది ఎర్రజెండా ఊపగానే అందరూ లారీల చాటుకి పరుగెత్తేవారు, ఢామ్మని బండ పేలేది, కాసేపు దుమ్ము తప్ప ఏమీ కనబడేది కాదు. ఆదివారాలు నాన్న స్కూటరెక్కి నేనూ వెళ్ళేదాన్ని. కాపలాదారు మల్లయ్యది ఆ పక్క ఊరే. "దా బిడ్డా" అని పిలిచి నిప్పుల మీద కాల్చిన మక్కకంకి చేతిలో పెట్టేవాడు. సైటులో ఇనుప చువ్వలు పోతున్నాయని ఇంజనీరు ఒక రిజిస్టరు తెరిపించాడు. ఏ బండి వచ్చినా, చుట్టుపక్కల ఏ దీపం కనబడ్డా, టైముతో సహా రాయాలి. నాన్నకు అలాంటి పని చెప్పడమంటే పండగే.

వినాయక చవితి వెళ్ళిన ఆదివారం అది. పొద్దున్నుంచీ ముసురు. పొద్దు గూకే వేళ స్టోరు ముందు రేకుల కింద కూర్చుని, అమ్మ కట్టిచ్చిన ఉండ్రాళ్ళు తింటున్నాను. పడమటి మబ్బు అడుగున తెల్లటి గుండ్రటి వెలుగొకటి చప్పుడు లేకుండా జారుకుంటూ వచ్చి, చుట్టు తిరిగింది, మళ్ళీ తిరిగింది, అలా తిరిగి తిరిగి ఠక్కున ఆరిపోయింది. నాన్న నా భుజం పట్టుకున్నారు.

"చూశావా?"

"చూశా నాన్నా."

ఆయన ముఖం అంతగా వెలిగిపోవడం అంతకు ముందు నేను చూడలేదు, తర్వాతా చూడలేదు. మల్లయ్య అప్పటికే చేతులు జోడించేశాడు. "కొరివి దయ్యం సార్ గది. మా తాత చెప్తుండె. జర నా పేరు మాత్రం రాయకుండ్రి, నౌకరి పోతది." నాన్న రిజిస్టరు తెరిచి, టైము చూసుకుని, గుండ్రటి చేతిరాతతో రాసుకుంటూ పోయారు. "ఎగిరే పళ్ళెం అని రాయవా?" అనడిగాను. "పళ్ళెమో కాదో నాకెలా తెలుసమ్మా? గుండ్రంగా వెలుగుందనే తెలుసు. అదే రాశాను" అన్నారు. ఏం రాశారో నేను చదవలేదు, ఉండ్రాళ్ళ మీదే ఉంది నా ధ్యాస.

రెండ్రోజుల్లో సైటంతా ఒకటే మాట, స్టోరు సారు ఎగిరే పళ్ళెం దిగిందని రిజిస్టరులో రాశాడని. నాన్న నోటుబుక్కు సంగతి అందరికీ తెలిసిందే, ఇక ఆపేదెవరు? కూలీల ముఠాలు రెండు భయపడి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాయి, పని ఆగింది. ఆ కబురు కాలనీకీ మా బడికీ ఎలా పాకిందో తెలియదు. "పళ్ళెం పిల్లా" అని పిల్లలు నన్ను పిలవడం మొదలుపెట్టారు. నా పక్కన కూర్చునే పిల్ల తన అన్నం డబ్బా మూత పెట్టేసి, "మీ నాన్నని ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకెళ్తారంట కదా, నువ్వూ పోతావా?" అంది. శనివారం దాకా ఒక్కదాన్నే కూర్చుని అన్నం తిన్నాను.

ఆ తర్వాతి ఆదివారం ఇంజనీరు నాన్నను పిలిపించాడు. నేను వెనకాలే నిలబడ్డాను. "ఇదొక్క పని చెయ్యండి. పొరపాటున రాశానని ఒప్పుకోండి, లేకపోతే రేపట్నుంచి రావద్దు" అన్నాడు. నాన్న చాలా నెమ్మదిగా, "చూసిందే రాశానండీ. మా అమ్మాయి కూడా చూసింది. అడగండి, అది అబద్ధమాడదు" అన్నారు.

ఇంజనీరు వంగి నా కళ్ళలోకి చూశాడు. "చెప్పమ్మా. నువ్వేమన్నా చూశావా?"

"లేదంకుల్. నేనేం చూళ్ళేదు."

నా నోరు పడిపోను. అప్పుడే పడిపోయి ఉంటే ఎంత బావుండేది. నాన్న నా వైపు తిరిగి చూశారు, కోపం లేదు, పాడైపోయిన ముక్కేదో చేతికి తగిలినట్టు చూశారు, అంతే. టేబులు మీది స్కేలు తీసుకుని, తను రాసిన వరుసల మీద తిన్నగా గీత గీసి, పక్కన సంతకం పెట్టారు. దిద్దుబాటు చేస్తే సంతకం పెట్టడం ఫ్యాక్టరీ పద్ధతి. "లేనిది రాశాను, తప్పయిందండీ. తప్పు రాసేవాడు ఈ పనికి పనికిరాడు" అని తాళాలు తనే టేబులు మీద పెట్టేశారు. మల్లయ్య తలెత్తకుండా గేటు దాకా వచ్చి, నా సంచీలో నాలుగు సీతాఫలాలు కుక్కి, "ఫికర్ చేయకుండ్రి సార్" అన్నాడు. దారిలో నాన్న స్కూటరు ఆపారు. "నిజంగా చూళ్ళేదా అమ్మా?" తల అడ్డంగా ఊపాను. "అయితే నాకొక్కడికే కనబడిందన్నమాట" అన్నారు తనలో తను.

ఆ రాత్రే నోటుబుక్కు నీళ్ళ బాయిలరు పొయ్యిలోకి పోయింది. దసరా వెళ్ళాక బాలానగర్ నుంచి పాత ఫోర్‌మెన్ గారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కొత్త వర్క్‌షాపు పెట్టారట, ఇన్‌స్పెక్షన్‌కి నాన్నే కావాలట. గుమ్మం పక్కన నిలబడ్డ అమ్మ ముఖం కళకళలాడింది, గబగబా కాఫీ తెచ్చింది. నాన్న పెట్టె తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు, తెరవలేదు. "లేనివి కనబడే కళ్ళండీ ఇవి. వీటితో పచ్చ చుక్క పెట్టలేను. రేపు ఏ మిషన్లోనో ఆ ముక్క విరిగితే ఎవడి ప్రాణం మీదికి వస్తుందో" అన్నారు. అమ్మ ఆయన చేతులు పట్టుకుని బతిమాలింది. నేను తలుపు చాటున గుడ్లు మిటకరిస్తూ నిలబడ్డాను. ఒక్క మాట చాలు. నేనూ చూశానంటే చాలు. అనలేదు, ఫోర్‌మెన్ గారు చల్లారిన కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాన్న ఒంట్లో ఓపికున్నంత కాలం ఒక జిరాక్సు షాపులో, ఇంకొకళ్ళు రాసిన కాగితాలకి నకళ్ళు తీశారు.

ఆ వెలుగేమిటో నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. నేను ఉద్యోగంలో చేరాక, మా ఆఫీసు పండగకి లారీ మీద పెద్ద సెర్చిలైటు తెచ్చి ఆకాశంలోకి తిప్పారు. ముసురు రోజు. మబ్బు అడుగున తెల్లటి గుండ్రటి వెలుగు చప్పుడు లేకుండా చుట్లు తిరుగుతోంది. అప్పట్లోనూ ఎక్కడో ఏదో ఫంక్షనుకి ఇలాంటిదే తెచ్చి ఉంటారు. నాన్న తప్పు రాయలేదు, ఒక్క గీత కూడా. తెలిసి కూడా చెప్పడానికి నాకు ఇంకో పదేళ్ళు పట్టింది, అంత పిరికిదాన్ని.

ఆయన చివరి వానాకాలంలో, ఈ ఇంట్లోనే, మంచం పక్కన కూర్చుని చెప్పాను. నేనూ చూశానని, బళ్ళో ఏడిపిస్తున్నారని అబద్ధమాడానని, అది సెర్చిలైటని. నాన్న మోచేతుల మీద లేచి కూర్చున్నారు, ఆ ముఖంలోకి పాత ఇన్‌స్పెక్టరు వచ్చి నిలబడ్డాడు.

"ఎన్ని చుట్లు తిరిగింది?"

నాకు గుర్తు లేదు. గుర్తు లేదనైనా అని ఉండాల్సింది. "మూడు నాన్నా" అన్నాను.

"నాలుగు. రిజిస్టరులో రాశాను కదా." మళ్ళీ దిండు మీదికి ఒరిగిపోయారు. "పోన్లేమ్మా. సెర్చిలైటు సంగతి బాగానే ఆలోచించావు. ముసలాణ్ణి సంతోషపెడదామనుకున్నావు." ఒట్టేసి చెప్పాను, కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. నా తల నిమిరి, "అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది" అన్నారు.

ఇప్పుడా బండలు లేవు, సీతాఫలం పొదలు లేవు, కొరివి దయ్యాలకి దాక్కునేంత చీకటి కూడా ఈ చుట్టుపక్కల లేదు. మొన్న సాయంత్రం పెట్టె మూసి బాల్కనీలోకి వచ్చేసరికి, ఏదో కొత్త మాల్ తెరుస్తున్నట్టున్నారు, మబ్బు మీద వెలుగు తిరుగుతోంది. కింద ట్రాఫిక్కులో ఎవరూ తలెత్తి చూడడం లేదు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. కళ్ళలో నీళ్ళు అడ్డొచ్చి నాలుగోది కనబడలేదు.