డిక్కీలో ఆర్నెల్లు

పోయిన ఆదివారం పొద్దున ఇంజినీరు గారింట్లో టీ తాగుతుంటే టీవీలో వార్త వచ్చింది. అమెరికా వాళ్ళూ ఇరాన్ వాళ్ళూ మళ్ళీ మాట్లాడుకున్నారట. మాట్లాడుకున్నారంటే ఎదురెదురుగా కూర్చుని కాదు. వీళ్ళొక గదిలో, వాళ్ళొక గదిలో. మధ్యలో ఇంకో దేశపు మంత్రి ఈ గది మాట ఆ గదికీ ఆ గది మాట ఈ గదికీ మోశాడట. చివరికి ఏమీ తేలలేదంటూ వార్తలు చదివే అమ్మాయి మొహం దిగాలుగా పెట్టింది. ఇంజినీరు గారు మాత్రం చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని, దాని మీదుగా టీ పీల్చి, "మొదటిసారి వద్దన్నారు, అంతేగా!" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆ మధ్యలో తిరిగిన మంత్రి అవస్థ నాకు తెలిసినంతగా ఈ నార్త్ యార్క్‌లో ఇంకెవరికీ తెలియదు. మూడేళ్ళ కిందట ఆ ఉద్యోగం నేనూ చేశాను, కొత్త సూటు వేసుకుని, ఒక పెళ్ళిలో.

ఇంజినీరు గారిది మా ఫ్లోరే, మా పక్క అపార్ట్‌మెంటే. ఇరాన్‌లో చదువుకున్న పెద్దవాళ్ళని పేరుతో కాకుండా ఇంజినీరు గారూ, డాక్టరు గారూ అని పిలుస్తారట. మనకీ అలవాటే కాబట్టి మొదటిరోజు నుంచీ మాకు ఆయన ఇంజినీరు గారే. బందర్ అబ్బాస్ రేవులో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. మాది బందరు అనగానే, అయితే మనది ఒకే ఊరు అని తేల్చేసి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయారు. నేను అప్పటికి న్యూజెర్సీలో తొమ్మిదేళ్ళు గ్రీన్ కార్డు లైనులో నిలబడి విసుగొచ్చి, అమెరికా సరిహద్దు దాటి ఇటు వచ్చినవాణ్ణి. అంత గట్టిగా లోపలికి రమ్మన్నవాళ్ళు చాలాకాలంగా లేరు. ఆ పూట భోజనం నాకింకా గుర్తుంది. అన్నం గిన్నె అడుగున ఎర్రగా వేగిన చెక్కని మనమైతే వచ్చినవాళ్ళ కంటపడకుండా దాస్తాం. వాళ్ళు దాన్నే ముక్కలు చేసి, గొప్ప అతిథి అనుకున్నవాళ్ళకి వేస్తారు. కరకరలాడుతూ, కుంకుమపువ్వు వాసనతో, నేతిలో నానినట్టుంది. "చాలండీ" అన్నాను. రెండు ముక్కలు పడ్డాయి. "వద్దండీ బాబూ" అన్నాను. ఇంకో రెండు పడ్డాయి. మా ఆవిడది కరీంనగర్. నా చెవి దగ్గరికి వంగి "ఇగో, వీళ్ళు మనోళ్ళే" అంది.

భార్య పోయాక ఆయన ఒక్కగానొక్క కూతుర్ని జడ వెయ్యడం దగ్గర్నుంచి తానే నేర్చుకుని పెంచారు. ఆ పిల్ల ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన ఒహాయో కుర్రాణ్ణి ఇష్టపడింది. కుర్రాడి తండ్రి అమెరికా నేవీలో చేసి రిటైరైన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఇంజినీరు గారి రేవుకి ఎదురుగా, అదే నీళ్ళ మీద, ఓడలో కాపలా కాశాడట. నేను ఆయనకి నేవీ వియ్యంకుడని పేరు పెట్టుకున్నాను. మరి పెళ్ళెక్కడ? ఇరాన్ పాస్‌పోర్టు పట్టుకుని ఇంజినీరు గారు అమెరికా వెళ్ళలేరు. నేవీలో చేసినాయన టెహ్రాన్ వెళ్ళే ఊసే లేదు. ఇద్దర్నీ రానిచ్చే చోటు సరిహద్దుకి ఇటువైపు, మాకు దగ్గర్లోని రిచ్‌మండ్ హిల్‌లో ఫంక్షన్ హాలొకటే దొరికింది. అక్టోబరులో ఒక శనివారం ఖాయం చేశారు.

ఏప్రిల్‌లో నేవీ వియ్యంకుడు ఒహాయో నుంచి కారేసుకుని చూడ్డానికి వచ్చి వెళ్ళాడు. ఆ మర్నాటి నుంచి ఇంజినీరు గారి మొహంలో కళ పోయింది. కింద లాబీలో ఉత్తరాల పెట్టెల దగ్గర నన్ను ఆపి, "ఆయన నాకో కానుక తెచ్చాడు. తెచ్చి, నా కళ్ళముందే వెనక్కి పట్టుకుపోయాడు. నా ఇల్లు చూశాక ఇవ్వబుద్ధి కాలేదు కాబోలు" అన్నారు. అసలేం జరిగింది, మీరేమన్నారు అని అడగాల్సింది. అడగలేదు. పెద్దాయన బాధలో ఉన్నప్పుడు గుచ్చిగుచ్చి ఏమడుగుతాం అని మొహమాటపడ్డాను. ఆ మొహమాటమే ఆర్నెల్లు లాగింది. పెళ్ళి దగ్గరపడేసరికి ఇంజినీరు గారు, కూతురి తంతు అవగానే వెళ్ళిపోతాను, ఆయనతో కలిసి భోజనానికి మాత్రం కూర్చోను అని తెగేసి చెప్పారు. పిల్ల మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడి, "ఆంటీ, నాన్న లేచి వెళ్ళిపోతే నేనెవరి పక్కన కూర్చుని తినాలి?" అని ఏడ్చింది. మా ఆవిడ నావైపు తిరిగింది. "మీరేమన్న చెయ్యుండ్రి. ఊకె పోయి టీలు తాగొచ్చుడేనా?"

అలా నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్ళిరోజు పొద్దున హాలులో ఆడపిల్ల వాళ్ళకి ఎడమవైపు గది, మగపిల్లవాడి వాళ్ళకి కుడివైపు గది. మధ్యలో నలభై అడుగుల కారిడార్‌లో కొత్త బూట్లు కరుస్తుండగా నేను. ఇంజినీరు గారు, "ఫోటోలో నేను ఒక చివర నిలబడతాను, ఆయన్ని ఇంకో చివర నిలబడమను" అంటే, నేను కుడిగదికి వెళ్ళి, "మీరు పొడుగు కాబట్టి చివర నిలబడితే బాగుంటుందని ఇంజినీరు గారి అభిప్రాయం" అనేవాణ్ణి. నేవీ వియ్యంకుడు, "ఆయనకి నా దగ్గర్నుంచి ఏమీ అక్కర్లేదు. ఆ సంగతి నాకు తెలుసు, గౌరవిస్తాను" అంటే, ఎడమగదికి వచ్చేసరికి అది "మీరంటే ఆయనకి చాలా గౌరవం" అయ్యేది. నేను చెప్పినవి అబద్ధాలు కావు, పైపైన కాస్త నెయ్యి రాశానంతే. ఇంజినీరు గారు నమ్మలేదు. కోటు గుండీలు పెట్టుకుంటూ, "నా కారు తాళాలు నీ దగ్గరే ఉంచు, తంతు అవగానే అడుగుతాను" అని తాళాలు నా జేబులో వేశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తంతు మొదలైంది. నేలమీద పట్టుగుడ్డ పరిచి అద్దం, కొవ్వొత్తులు, తేనె, అత్తరు, పళ్ళు అమర్చారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ తలల మీద ఆడవాళ్ళు తెల్లగుడ్డ పట్టుకుని, పైన పంచదార దిమ్మలు రెండు రుద్దుతుంటే పొడి జలజలా రాలుతోంది. నేను నేవీ వియ్యంకుడి పక్కన కూర్చున్నాను. పెళ్ళి జరిపించే పెద్దాయన, ఈ అబ్బాయిని పెళ్ళాడటం నీకు సమ్మతమేనా అని పిల్లని అడిగాడు. పిల్ల తల వంచుకుంది తప్ప పలకలేదు. వెనకనుంచి ఆడవాళ్ళు "పెళ్ళికూతురు పూలు కోసుకురావడానికి వెళ్ళింది!" అని గట్టిగా అరిచారు. రెండోసారి అడిగాడు. మళ్ళీ మౌనం. "పన్నీరు తేవడానికి వెళ్ళింది!" అన్నారు. నేవీ వియ్యంకుడి మొహం పాలిపోయింది. నా మోచెయ్యి పట్టుకుని, "ఏమైంది? పిల్ల వద్దంటోందా?" అన్నాడు. "కాదండీ. మొదటి రెండూ లెక్కలోకి రావు. అడగ్గానే ఒప్పుకుంటే మర్యాద కాదు. మూడోసారి చెప్పేదే మాట" అన్నాను. మూడోసారి పిల్ల తలెత్తి, తండ్రి వైపు చూసి, "మా నాన్న అనుమతితో, పెద్దల అనుమతితో, సరే" అంది. హాలంతా ఈలలూ చప్పట్లూ. ఇంజినీరు గారు రుమాలు తీసి కళ్ళు కాదు, కళ్ళజోడు తుడుచుకున్నారు.

నేవీ వియ్యంకుడు మాత్రం నా మోచెయ్యి వదల్లేదు. "ఈ పద్ధతి పెళ్ళిళ్ళకేనా, అన్నిటికీనా?" అన్నాడు. అన్నిటికీ అన్నాను. "ఏప్రిల్‌లో ఆయనకి బ్యాక్‌గామన్ పలక ఒకటి చేసుకెళ్ళాను. ఆయనకి ఆ పాచికలాటంటే ప్రాణమని మావాడు చెప్తే, చలికాలమంతా మా షెడ్డులో కూర్చుని చేశాను. అయ్యో వద్దు వద్దు, నేను దీనికి తగను అన్నాడు. వద్దన్నాడు కదా అని తీసుకెళ్ళిపోయాను." "ఎన్నిసార్లు ఇవ్వబోయారు?" "ఒక్కసారే. మనిషి వద్దన్నాక మళ్ళీ ఇవ్వబోతే ఆయన్ని అవమానించినట్టు కాదా?" మా ఆవిడ వెనక కుర్చీలోంచి ఇంగ్లీషంతా విని తెలుగులో విరుచుకుపడింది. "అయ్యో రామా! ఒక్కపారి వద్దంటే తీస్కపోతరా ఎవలన్న? ఇంకోపారి అడగాలె గదా!" ఆయనకి తెలుగు రాకపోయినా భావం పూర్తిగా అందింది. లేచి, సూటులోనే, పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తాడు. ఆ పలక ఆర్నెల్లుగా డిక్కీలోనే ఉందట. ఇంట్లోకి తీసుకెళ్ళడానికి చేతులు రాలేదట.

ఇంజినీరు గారు అప్పటికే తాళాల కోసం నా దగ్గరికి వస్తున్నారు. మధ్యదారిలో నేవీ వియ్యంకుడు రొప్పుతూ ఎదురుపడి, రెండు చేతులా పలక చాచాడు. వాల్‌నట్ చెక్క మీద లేతరంగు చెక్కతో కోసుగా అతికిన గళ్ళు. ఇంజినీరు గారి నోరు అలవాటు కొద్దీ, "అయ్యో, వద్దండీ, నేను దీనికి తగను" అనేసింది. ఆయన నావైపు చూశాడు. నేను రెండు వేళ్ళు చూపించాను. మళ్ళీ చాచాడు. "వద్దండీ" అన్నారు ఇంజినీరు గారు, ఈసారి కాస్త చిన్నగా. నేను మూడు వేళ్ళు చూపించాను. మూడోసారి చాచినప్పుడు ఇంజినీరు గారు ఏమీ అనలేదు. పలక అందుకుని, ఒళ్ళో బిడ్డని తిప్పినట్టు తిప్పి చూసి, మూల దగ్గర బొటనవేలితో తడిమి, "ఈ అతుకు మేకు లేకుండా ఎలా వేశారు?" అని అడిగారు. ఆరు నెలల్లో ఆ ఇద్దరి మధ్యా నేను లేకుండా నడిచిన మొదటి మాట అది. నా ఉద్యోగం ఊడింది. అంత సంతోషంగా నేనే ఉద్యోగమూ పోగొట్టుకోలేదు.

భోజనాల బల్ల దగ్గర పెళ్ళికూతురికి అటు ఇంజినీరు గారు, ఇటు నేవీ వియ్యంకుడు. కంచాలు పక్కకి నెట్టేసి మధ్యలో పలక. పిల్ల ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో తండ్రి తరఫున పాచికలు వేస్తోంది. హాలు వాళ్ళు కుర్చీలు మడిచేదాకా కారు తాళాలు నన్నెవరూ అడగలేదు. ఇంజినీరు గారు వియ్యంకుడి కారెక్కి వెళ్ళిపోతే, నేను మర్చిపోయి వాటిని జేబులోనే ఇంటికి పట్టుకొచ్చాను. మర్నాడు ఇవ్వడానికి వెళ్తే, వద్దులే ఉంచుకో అన్నారు. మూడుసార్లు ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు నేవీ వియ్యంకుడు రెండు నెలలకోసారి, దారిలో మంచు లేకపోతే ఇంకా ముందే, కారేసుకుని వచ్చేస్తాడు. వచ్చినప్పుడల్లా మా గోడ అవతలనుంచి పాచికల చప్పుడూ, నువ్వు తొండి ఆడావంటే నువ్వు తొండి ఆడావనే అరుపులూ వినిపిస్తాయి. టీవీలో ఆ రెండు దేశాలూ ఒకర్నొకరు ఎన్నోసారి వద్దన్నాయో నాకు తెలియదు, లెక్క మా ఇంజినీరు గారే చూసుకుంటారు. ఇంత సేపు ఆడతారేమిటని మొన్న అడిగితే, డిక్కీలో పోయిన ఆర్నెల్ల ఆటలూ ఇంకా బాకీ ఉన్నాయన్నారు ఇద్దరూ ఒకేసారి. డెబ్బై దాటినవాళ్ళకి ఆర్నెల్లంటే చిన్న కాలం కాదని, ఆ దారిలోనే వస్తున్న నాకూ ఈమధ్యే తెలుస్తోంది.