నూనె రాసిన నిమ్మాకులు

మా నాయన నిమ్మచెట్టుకు నూనె రాశాడు. ఈ మాట ఎవరితో చెప్పినా పడీపడీ నవ్వుతారు. నాకు మాత్రం ఆ రోజు ఒళ్ళు మండిపోయింది.

మార్కాపురంలో మా ఇంటి వెనక సందులో పలకల కార్ఖానా ఉంది. నాయన వయసంతా అందులోనే పలకలు కోశాడు. పని మానేసినా ఆ రాతిపొడి ఆయన్ను వదల్లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే దగ్గు. డాక్టరు పీల్చే మందు రాసిచ్చాడు. దుమ్ములోకి వెళ్తే మాస్కు పెట్టుకోమన్నాడు. మందు వాడకపోతే ఉన్న ఊపిరి కూడా తరిగిపోతుందని నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పాడు.

మాస్కు వంటింటి మేకుకు వేలాడుతోంది. మందు పంపు డబ్బాతో సహా ఫ్రిజ్ మీద ఉంది. "పీల్చినావా నాయనా?" అని రోజూ అడుగుతాను. "పీల్చినా లేమ్మా, పో" అంటాడు. దగ్గు మాత్రం రవ్వంత కూడా తగ్గదు.

దుమ్ము మీద ఆయనకున్న కోపమంతా పెరట్లోని నిమ్మచెట్టు తరఫునే. పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని, మాస్కు లేకుండా, దగ్గుకుంటూ ఒక్కో నిమ్మాకునూ పలక తుడిచినట్టు తుడుస్తాడు. అంతవరకూ నాకూ అభ్యంతరం లేదు. ఆకు మీద దుమ్ము పేరుకుంటే వెలుతురు లోపలికి దిగదు, వెలుతురు లేనిదే ఆకు తన తిండి వండుకోలేదు. బళ్ళో జీవశాస్త్రం టీచరుగా నేను పిల్లలకు చెప్పేదీ ఇదే.

మొన్న వేసవిలో నాకు గిద్దలూరులో పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. కొన్నాళ్ళకు తిరిగొచ్చేసరికి చెట్టు తళతళలాడుతోంది. పక్కింటి పిన్నమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏంది బావా, చెట్టు ప్లాస్టిక్ దాని మాదిరి మెరుస్తాంది!" అంటోంది.

నాయన మురిసిపోతున్నాడు. "నూనెగుడ్డ పెడితే నల్లబండ ఎట్ల మెరుస్తాది? అట్లనే దీనికీ పెట్టినా. పైనా కిందా, రెండు పక్కలా!"

రెండు పక్కలా! చెట్టు కొంప ముంచేశాడు.

నిమ్మ మా ఎండలకు తట్టుకునే చెట్టు. ఆకు పైన మైనంలాంటి పూత ఉంటుంది. గాలి పీల్చే సన్నటి నోళ్ళు దాదాపు అన్నీ ఆకు అడుగునే, నీడపట్టున ఉంటాయి. పొద్దుటి చల్లదనంలో వాటిని తెరిచి గాలి తీసుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఒంట్లో నీళ్ళు ఆవిరైపోకుండా బిగించుకుంటుంది. అన్ని జాగ్రత్తలు పడే చెట్టు నోళ్ళన్నీ మా నాయన కొబ్బరినూనెతో మూసిపెట్టాడు.

"ఏం పని నాయనా ఇది? దానికి ఊపిరాడొద్దా? ఊపిరాడకుంటే ఎట్లుంటదో నీకు తెలీదా?" అని అరిచేశాను.

ఆయన ముఖం చిన్నబోయింది. అన్నందుకు బాధేసింది గానీ కోపం దిగలేదు. నాయన కుంకుడుకాయలు నానబెట్టి, ఆ రసంతో ఆకుల అడుగులు కడగడానికి కూర్చున్నాడు. అప్పుడూ మాస్కు లేదు. కానీ ఆలస్యమైపోయింది. ఆకులు పసుపెక్కి రాలడం మొదలుపెట్టాయి. చివరికి పుల్లలు మిగిలాయి. నాయన రోజూ ఆ మోడు దగ్గరకు వెళ్ళి నిలబడి వచ్చేవాడు.

వానలు పడ్డాక పుల్లల నిండా లేత చిగుళ్ళు వచ్చాయి. సంతోషం పట్టలేక కేకేశాను. "నాయనా, చూడు, మళ్ళా ఎట్ల చిగురు పెట్టిందో!"

ఆయన ఆయాసపడుతూ వచ్చాడు. ఒక చిగురాకు వెనక్కి తిప్పి, అడుగున వేలితో మెల్లగా తడిమాడు.

"చెట్టుకేమమ్మా. చెడిపోయిన ఆకు రాల్చేసి కొత్తది పెట్టుకుంటాది." చెయ్యి తెచ్చి తన రొమ్ము మీద పెట్టుకున్నాడు. "ఈడ కొత్తయి మొలవవు గదా."



"ఆ ఫ్రిజ్ మీది పంపు తెచ్చియ్యి," అన్నాడు. నా వైపు చూడకుండానే అడిగాడు. "అది ఎట్ల పీల్చాల్నో ఒకసారి చూపియ్యి."

రోజూ "పీల్చినా లేమ్మా" అన్న మనిషి! లోపలికి వెళ్ళి డబ్బా తీసి చూశాను. సీలు వేసింది వేసినట్టే ఉంది.