గీతలు లేని వేళ్ళు

పులివెందుల బస్టాండు వెనక సందులో ‘వాహిద్ మోటార్ వైండింగ్ వర్క్స్’ అని ఒక బోర్డు ఉండేది. ఆ బోర్డు మీదున్న అబ్దుల్ వాహిద్ గారు కాలిన మోటారు ముట్టుకుని పదకొండేళ్ళయింది. నడుం పట్టేసిందని ఒకసారి పడుకున్నవాడు, నడుం నయమయ్యాక కూడా లేవడం మరిచిపోయాడు. పొద్దున టీకొట్టు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ టీకొట్టు. అక్కడ కూర్చుని, దేశంలో పనిమంతులు కరువైపోయారని వచ్చేపోయేవాళ్ళకు ఉపన్యాసం. మోటార్లు చుట్టేది ఆయన భార్య జైబున్నీసా. ఈ సంగతి చుట్టుపక్కల చీనీ, అంటే బత్తాయి, తోటల రైతులందరికీ తెలుసు, ఒక్క బోర్డుకు తప్ప.

జైబున్నీసాది జమ్మలమడుగు. ఏడో తరగతితో బడి మాన్పించి, పద్దెనిమిది నిండగానే పెళ్ళి చేసి పంపించారు. బోరులోకి దించే మోటారు చుట్టాలంటే ఇద్దరు కావాలి. పొడవాటి ఇనుప గొట్టం లోపల చుట్టూ సన్నటి గాళ్ళుంటాయి. ఈ పక్క ఒకరు వైరు దూరిస్తే, ఆ పక్క ఇంకొకరు అందుకుని లాగి మళ్ళీ ఇటు పంపాలి. కూలి మిగులుతుందని వాహిద్ కొత్త పెళ్ళాన్ని ఆ పక్కన కూర్చోబెట్టాడు. ఏడాది తిరిగేసరికి చుట్లు లెక్కపెట్టేది ఆమె, లెక్క తప్పి తిట్లు తినేది ఆయన. ఆయన మంచమెక్కాక ఆ పక్కన కూలికొచ్చే స్వాతి కూర్చుంటోంది.

ఆమె పేరు తోటల్లో పాకడానికి ఒక కారణముంది. పొలాల్లో కరెంటు ఎప్పుడూ నీరసంగానే వస్తుంది. కంపెనీ లెక్క ప్రకారం చుట్టిన మోటారు ఆ కరెంటుకు మూలిగి మూలిగి కాలిపోతుంది. అందుకని జైబున్నీసా ముందు రైతును అడిగేది, “మీ ట్రాన్స్‌ఫార్మర్ యాడుండాది, బోరు యాడుండాదప్పా?” అని. దూరాన్ని బట్టి చుట్లు తగ్గించి, లావు వైరు వేసేది. ఆ మోటారు మూడు ఎండాకాలాలు మాట్లాడకుండా నీళ్ళు తోడేది.

ఆమెకున్న కోరిక ఒక్కటే. బోర్డు మీద తన పేరుండాలి. ఆ మాటెత్తినప్పుడల్లా వాహిద్ నవ్వేవాడు. “నీ తాన ఏం కాయితముండాదని? ఆడమనిషి చుట్టిందంటే ఎవురొస్తారు?” ఆయన దగ్గరా ఏ కాయితమూ లేదు. కానీ మగవాణ్ణి అడిగేదెవరు?

ఇలా ఉండగా దేశానికి ఉన్నట్టుండి పనిమంతుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఢిల్లీలో పెద్దలు కూర్చుని ప్రతి చేతిపనికీ ఒక లెవెల్ కట్టారు. మూడో లెవెల్, నాలుగో లెవెల్, ఐదో లెవెల్. రంగుల పుస్తకాలు అచ్చేశారు. పథకం పేరు మారినప్పుడల్లా కొత్త ముద్ర, ముద్ర మారినప్పుడల్లా కొత్త టోపీలు, కొత్త టీషర్టులు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళలో మోటారు గాళ్ళలో వేలు కోసుకున్నవాడు ఒక్కడున్నా జైబున్నీసా ఇంటికి పిలిచి అన్నం పెట్టేది.

ప్రొద్దుటూరులో తెరిచిన కేంద్రం వాళ్ళు కరపత్రాలు పంచారు. ముందే పని వచ్చినవాళ్ళు పన్నెండు రోజులు హాజరై పరీక్షకు కూర్చుంటే నాలుగో లెవెల్ సర్టిఫికెట్. అది ఉన్నవాళ్ళను జమ్మలమడుగులో పెట్టబోయే శిక్షణ కేంద్రానికి మాస్టరుగా తీసుకుంటారు. జైబున్నీసా ఆ కరపత్రం రెండుసార్లు చదివింది. తనను బడి మాన్పించిన ఊళ్ళో తను పాఠం చెప్పడం, గది తలుపు మీద తన పేరు. ఆ ఉద్యోగం ఆమెకు ఆకలేసినంత గట్టిగా కావాలనిపించింది.

కేంద్రం ఒక గుడ్డల అంగడి పైన, మేడమీద. మేనేజరు విష్ణుతేజ పాతికేళ్ళవాడు, చెప్పే ప్రతి మాటా ఎక్కడో చూసి చదువుతున్నట్టు ఉంటుంది. తోడుకని వాహిద్ కూడా వచ్చాడు. తోడుకేమోగానీ, ప్రొద్దుటూరు బిర్యానీకి.

హాజరు వేసే మిషన్ మీద జైబున్నీసా బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. తుడిచి పెట్టింది, ఎర్ర లైటే. పది వేళ్ళూ అయిపోయాయి.

“మేడమ్, మీ వేళ్ళకు గీతలు లేవు,” అన్నాడు విష్ణుతేజ.

“ఇరవై ఎనిమిదేండ్లు వైరు లాగితే గీతలు యాడుంటాయి నాయనా? ఒక మోటారు తెప్పించు. నీ కండ్ల ముందరే చుడతా.”

“పని చూసేది చివర్లో మేడమ్. ముందు హాజరు. హాజరు లేకపోతే సిస్టం మీ పేరు తీసుకోదు.” కాసేపు ఆలోచించి, గొప్ప సాయం చేస్తున్నట్టు గొంతు తగ్గించాడు. “ఒక ఇరవై రోజులు పని మానేయండి. రోజూ వ్యాసలీన్ రాయండి. గీతలు వాటంతటవే వస్తాయి. నెలాఖరుకు ఇంకో బ్యాచ్ ఉంది.”

పని వచ్చునని కాయితం కావాలంటే పని మానేయాలట! జైబున్నీసా ఆ కుర్రాడు ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహంలోకి చూసింది. పాపం, అతనికి అంత తెలివి ఉన్నట్టు లేదు.

ఈలోగా వాహిద్ ఊరికే సరదాకి తన బొటనవేలు పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. పదకొండేళ్ళు ఒళ్ళు దాచుకున్న వేలు, గీతలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే మిషన్ ముచ్చటపడింది. బ్యాచ్‌కు ముప్పై మంది కావాలి, ఒకరు తక్కువున్నారు. విష్ణుతేజ అక్కడికక్కడే ఆయన పేరు ఎక్కించి, టోపీ, టీషర్టు చేతిలో పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి మొగుడు రోజూ ప్రొద్దుటూరు బస్సెక్కాడు. అక్కడ ఫ్యాను కింద కూర్చోబెట్టి బొమ్మల వీడియో చూపించారు. పరీక్ష రోజున పట్నం నుంచి వచ్చినాయనకు రైలు టైమయిందట. ఒక్కొక్కరి చేతికీ స్పానరిచ్చి ఫొటో తీసుకున్నాడు, ముప్పై మందీ పాస్ అన్నాడు. వాహిద్ ఆ ఫొటోలో స్పానరు తిరగేసి పట్టుకున్నాడు. అది ఎవరికీ అక్కర్లేదు.

పెళ్ళాం మాత్రం ఇంట్లో వ్యాసలీన్ రాసుకుంటూ కూర్చుంది. గిన్నెలు కూడా స్వాతే తోమింది. వచ్చిన మోటార్లన్నీ వెనక్కి పంపింది. పదహారో రోజున ఎండలో చెయ్యి పెట్టి చూసుకుంటే, చూపుడువేలి మీద సన్నటి గీతలు లేస్తున్నాయి. ఆమెకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

ఆ రోజే నారాయణ వచ్చాడు. నాలుగు వందల చీనీ చెట్లున్న రైతు. మోటారు కాలితే టౌన్లో ఇంకో అంగట్లో చుట్టించాడు, మూడో రోజే మళ్ళీ కాలింది.

“అక్కా, చెట్లనిండా పిందె ఉండాది. ఇంకో నాలుగు దినాలు నీళ్ళు లేకుంటే మొత్తం రాలిపోతాది.”

“ఆ నాలుగు దినాలే నాకూ కావల్ల నారాయణా,” అని చెయ్యి చాపి చూపించింది. అతనికి ఏమీ అర్థం కాలేదు. ఆ చేతిలో చూడ్డానికి ఏముందో అతనికేం తెలుసు?

జైబున్నీసాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మిషన్ మీద, ఆ కుర్రాడి మీద, సరిగ్గా ఈ రోజే వచ్చిన నారాయణ మీద, వ్యాసలీన్ డబ్బా కొన్న తన మీద. మోటారు విప్పి లోపల చూసింది. ఎవడో పుస్తకం చూసి శ్రద్ధగా చుట్టినట్టున్నాడు, మసైపోయింది. ఆ పాడుపని చూశాక ఆమె చేతులు ఆగలేదు.

“స్వాతీ, వచ్చి ఆ పక్క కూర్చో,” అంది.

రెండు రోజుల్లో నారాయణ చెట్లకు నీళ్ళు పారాయి. గీతలు పోయాయి. అయినా మొండిగా నెలాఖరుకు ప్రొద్దుటూరు పోయి వేలు పెట్టింది. ఎర్ర లైటు.

“నేను చెప్పాను కదా మేడమ్,” అన్నాడు విష్ణుతేజ.

“నీ మిషన్‌కు పని చేసే మనిషి కనపడదు నాయనా. చేయనోళ్ళను లెక్కపెట్టుకునేదానికి చేసినారు దీన్ని. బాగా చేసినారు,” అని మెట్లు దిగింది. పులివెందుల బస్సెక్కింది. ఏడుపొచ్చింది. ఇలాంటి వాళ్ళ కోసం ఏడ్వడమేమిటని దాన్ని మింగేసింది.

వాహిద్ గారి సర్టిఫికెట్ ఫ్రేము కట్టుకుని గోడెక్కింది. జమ్మలమడుగు కేంద్రానికి ఆయనే మాస్టరు. మొదటిరోజు మెడలో కార్డు వేసుకుని, సెంటు పూసుకుని బయల్దేరాడు. ఆయన బస్సు కదిలిందో లేదో, జైబున్నీసా బోర్డులు రాసే శివను పిలిపించింది.

“అక్కా, మామ ఊరుకుంటాడా?” నిచ్చెన మీంచి అడిగాడు శివ, వాహిద్ అన్న అక్షరాల మీద రంగు పూస్తూ.

“మామకు గవర్మెంటు తలుపు మీద పేరొచ్చిందిలే. ఈ అంగడితో పనేముంది?”

అప్పుడే ఫోన్ మోగింది. వాహిద్. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

“జైబూ, ఒక పిల్ల అడుగుతాండాది. వోల్టేజి తక్కువుంటే చుట్లు పెంచల్లనా, తగ్గించల్లనా అని. క్లాసు బయటికొచ్చి నిలబడుకోనుండా. తొందరగా చెప్పు.”

“నన్నెందుకు అడుగుతాండావు? నేనెవురో ఆ మిషన్‌కు తెలీదు. నువ్వు తెలుసు. పోయి దాన్నే అడుగు.”

“జైబూ...”

“ఆ అడిగిన పిల్లను మాత్రం ఆదివారం ఈడికి పంపు. దానికి చెప్తా,” అని పెట్టేసింది.

పైన తన పేరులో చివరి అక్షరం పూర్తవుతోంది. శివ కిందికి వంగి అడిగాడు.

“అక్కా, పేరు కింద ఏమన్నా రాయల్లనా? లెవెలు, సర్టిఫికెట్టు, అట్లాంటియి?”

“ఫోన్ నంబరు రాయి,” అంది జైబున్నీసా, వైరు చుట్ట విప్పుకుంటూ.