దేవదానం తాత టమాటా, కింద నా సంతకం

మనిషిగా పుట్టాక పరువు ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. నాది మాత్రం పత్తికొండలో, మా నాయన కిరాణా అంగట్లో, బస్తాల నడుమ, పదకొండు మంది గిరాకీలు చెవులప్పగించి వింటుండగా పోయింది. కందిపప్పుకు వచ్చినవాళ్లు పప్పు మరిచిపోయి మరీ విన్నారు. మీరు కూడా కాసేపు కూర్చోండి, చెబుతాను.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో, సరిగా గుర్తులేదు. నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది, అంగట్లో కూర్చోమంటే ఏడుపొస్తోంది. ఎందుకంటే నేను రచయితను. ఏం రాశావని మాత్రం అడక్కండి. ఆలు లేదు చూలు లేదు, కలంపేరు మాత్రం అప్పటికే మూడుసార్లు మార్చాను.

ఇంటర్నెట్ సెంటర్లో ఒకరోజు కనిపించింది: ఎక్కడో దూరాన ఒక కాలేజీ, ఇంటర్నెట్లోనే తెలుగు రచన నేర్పిస్తుందట! పాఠం మెయిల్లో వస్తుంది, మనం చేత్తో రాసి స్కాన్ చేసి పంపాలి. నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. చేరేముందు ఒక కాగితం నింపాలి. దాని తలమీద ఇలా ఉంది: "ఈ కోర్సు మీకు సరిపోతుందా? మీరే తేల్చుకోండి."

నాయన కూడా తేల్చేశాడు. "ఆ కాలేజోళ్లు సరిపోతాడని చెప్పినారనుకో, మధ్యాహ్నం దాకా అంగడికి రావాకు, రాసుకో. లేదంటే నోరు మూసుకొని ఈడనే కూచో. మళ్లా రాతా గీతా అన్నావంటే చూడు!"

అంటే నా బతుకు ఆ ఒక్క కాగితం మీద ఉంది. అంత ముఖ్యమైన కాగితాన్ని ఎవరైనా సొంతంగా నింపుతారా? మీ ఊళ్లో నింపుతారేమో, మా ఊళ్లో నింపరు. మా అంగడికి ఎదురువీధిలో, గోడ నీడన చిన్న బల్ల వేసుకుని దేవదానం తాత కూర్చుంటాడు. పింఛనుకైనా, పాసుపుస్తకానికైనా, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరుకైనా అర్జీ ఆయనే రాయాలి. రాసేది ఆయన, సంతకం మనది. సంతకం ఎవరిదో కాగితం వాళ్లది. ఊరి ఆచారం ఇది, ఇందులో తప్పేముందని పోయి బల్ల ముందు నిలబడ్డాను.

తాత కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మొదటిది. ఎవురూ ఎంటబడకుండా, ఒక్కనివే కూచోని పని చేసుకుంటావా అని అడుగుతాండారు."

"చేసుకుంటానని రాయి తాతా."

"మరి ఈడికెందుకొచ్చినావప్పా?"

"దస్తూరీ కోసం."

"సరే. రెండోది. దినామూ రాస్తావా?"

"రాస్తాను!"

"ఏదీ, నీ పెన్ను ఇట్లియ్యి. నాది ఆగిపోతాంది."

జేబులు తడుముకున్నాను. దువ్వెన దొరికింది. తాత దువ్వెన వంక, నా వంక చూసి, తన పెన్నునే విదిలించి రాసుకున్నాడు.

చివరి ప్రశ్న: నిన్న మీరు చూసిన ఒక సంగతి ఒక పేజీలో రాయండి.

"నిన్న ఏం జూసినావు?"

"ఏముంటుంది తాతా ఈ ఊళ్లో? టమాటాలు, దుమ్ము."

"నేను శానా జూసినా. నాది రాయనా?"

"రాయి, రాయి!"

రాశాడు. మార్కెట్లో ధర పడిపోయి, ఒక ముసలామె బుట్టెడు టమాటాలు రోడ్డు పక్కన పారబోసింది. బుట్ట దించడానికి తాత ఒక చెయ్యి సాయం పట్టాడు, కాగితంలో మాత్రం 'నేను' అనే ఉంది. ఆమె నాలుగడుగులు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, ఆ కుప్పలోంచి ఒక మంచి పండు ఏరి, కొంగుతో తుడిచి, సాయం పట్టిన చేతిలో పెట్టింది. అంతే. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. రోజూ ఆ రోడ్డు మీదే పోయేవాణ్ణి, నాకేమీ కనపడలేదే! అబ్బురపడి, కళ్లు తుడుచుకుని, కింద సంతకం పెట్టేశాను. నాది.

రెండు వారాలకు అంగడి ఫోను మోగింది. కాలేజీ మేడమ్ అని తెలియగానే నాయన స్పీకరు మీట నొక్కాడు, గిరాకీలందరూ వినాలని.

"మీ పేజీ చదివి చాలాసేపు కదల్లేకపోయాను బాబూ," అంది మేడమ్. నాయన మీసం దువ్వుకున్నాడు. "ఒక్క సందేహం. ఆ టమాటాను చివరికి ఏం చేశారు?"

నాకు తేలు కుట్టిన దొంగకున్న ధైర్యం కూడా లేదు. "తి... తిన్నాను మేడమ్."

"తింటుంటే ఏమనిపించింది?"

"ఉప్పు తక్కువైంది."

బస్తా మీద కూర్చున్న రైతొకాయన ఫక్కుమన్నాడు. అంగడంతా అందుకుంది. నవ్వు తగ్గాక మేడమ్ నెమ్మదిగా అడిగింది: "బాబూ, ఇది రాసినవారిని ఒకసారి పిలుస్తారా?"

నాయన నా వంక చూసిన చూపుకు మిరపకాయలు కూడా సిగ్గుపడ్డాయి. చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురువీధికి పోయి తాతను పిలుచుకొచ్చాడు. తాత ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తినలేదమ్మా. కోయబుద్ధి గాలే. ఇంట్లో బైబిలు పక్కన పెట్టుకున్యా, ప్రార్థన జేసేటప్పుడు ఆయమ్మ గుర్తొస్తాదని. మూడు దినాలకు మెత్తబడె. గింజలు తీసి పెరట్లో చల్లినా. ఇప్పుడు మొలకలొచ్చినాయి."

గిరాకీలందరూ ఫోను చుట్టూ మూగారు.

"ఇంత సంగతి ఎందుకు రాయలేదండీ?"

"ఒక పేజీనే గదమ్మా మీరు అడిగింది."

మేడమ్ అడిగింది: "మీరు చేరతారా?"

"పిల్లోనికి మీ ప్రశ్నలన్నిటికీ జవాబు రాసిచ్చినా. నాదొక ప్రశ్న ఉండాది. నేను రాసి పంపితే మీరు జవాబు రాస్తారా?"

"ప్రతివారం."

"ఎవురి పేరు మింద?"

"మీ పేరు మీదే."

"నలభై ఏండ్లు ఊరందరికీ రాసినా తల్లీ. జవాబులన్నీ సంతకం పెట్టినోళ్లకే వచ్చినాయి. నా పేరు మింద ఒక్కటీ రాలే. అయితే ఈ కోర్సు నాకు సరిపోతాది."

నాయన తువ్వాలు కళ్లకద్దుకుని, మిరపకాయల ఘాటని అన్నాడు. ఆ రోజు మిరపకాయల బస్తా మూతి కట్టే ఉంది.

నా సంగతంటారా? నాయన తీర్పు ఇచ్చేశాడు: "కాలేజోళ్లు సరిపోతాడనే చెప్పినారు. నీ గురించి గాదు, అంతే." పొద్దునా సాయంత్రం అంగడి, వారానికోసారి తాత కాగితాలు స్కాన్ చేసి పంపడం. మొదటి జవాబు అచ్చు తీసి తెచ్చిచ్చినప్పుడు, పైన ఉన్న తన పేరును తాత నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. అప్పుడు చూశాను నేను, నా కళ్లతో, ఒక పేజీకి సరిపడా సంగతి. ఇంటికి పోయి పెన్ను వెతుక్కున్నాను.

కాబట్టి మా అంగడి తక్కెడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నాకేది సరిపోతుందో తేల్చే కాగితాన్ని ఇకమీదట ఇంకొకరి చేత నింపించను, ఒకరి టమాటాకు ఉప్పు చూడను. ఈ ప్రమాణం అక్షరాలా నా సొంత రాత, నా సొంత దస్తూరీ. తాత రెండుచోట్ల దిద్దాడు, అంతే.