కథలో నోరు మెదపనివాళ్ళు

తాయారు చుట్ట కాల్చేది. అందులో వింతేమీ లేదు. మా వైపు ఆడవాళ్ళు చాలామంది కాలుస్తారు. రంగంలో, అదే రంగూన్లో, బర్మా ఆడవాళ్ళయితే నడిబజార్లోనే కాలుస్తారు. ఈమె మాత్రం నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, అడ్డపొగ పీలుస్తూ పాఠానికి కూర్చునేది. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ మాట పాఠం నేర్చుకునే పిల్లది. చుట్ట బయటికి తీసిందంటే ప్రశ్న పడబోతోందన్నమాట.

ఆమెను మా ఇంటికి తెచ్చింది మా ఆయన మొండితనం. ఆయన పేరు సత్తిరాజు, దలా రేవులో కూలీల ముఠాకి మేస్త్రీ. మా కూతురు చిన్నమ్మికి అప్పటికి పదేళ్ళు. నది అవతల ఊళ్ళో తెలుగు పిల్లల బడి ఉంది. దాని ప్రాణమంతా ఆ బడి మీదే. పొద్దున్నే రేవుకి పోయి, సంపాను పడవలెక్కి వెళ్ళే పిల్లల్ని చూసి ఏడుస్తూ ఇంటికొచ్చేది. ఈయనేమో, "ఆడగుంటకి ఏరు దాటి సదువేటి?" అని కొట్టిపారేసేవాడు. అది కంచం బోర్లించి అన్నం మానేశాక, పోనీలెమ్మని ఇంటికే పంతులమ్మను పెట్టాడు.

తాయారు చిన్నప్పుడు భీమిలిలో పాదిరీల దగ్గర చదువుకుంది. మొగుడి వెంట రంగం వచ్చింది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, తిరిగి ఓడెక్కే ఓపికా లేదు. ఇంటింటికీ తిరిగి పాఠాలు చెప్పుకుని బతికేది. అఆలూ ఎక్కాలూ నేర్పుతుందని నేను అనుకున్నాను. అవి త్వరగానే ముగించి కథల్లోకి దిగింది.

"కత కంచికెల్పోనాదని మనం లేచి ఇంటికెల్పోకూడదు. అక్కడే కూకోవాలి. కతలో నోరు మెదపనోలు ఎవులో సూడాలి. ఆలని అడగాలి," అనేది.

ఒకరోజు చెప్పిన కథ నాకు బాగా గుర్తు. రాజు వేటకెళ్ళి దారి తప్పాడు. ఒక ముసలమ్మ రాగుల చోడంబలి పోసింది. రాజు మెచ్చి ఆమెకు ఒక ఊరు రాసిచ్చాడు. నేనైతే ఆహా అనుకుని పప్పు తిరగమోత పెట్టడానికి లేచాను. చిన్నమ్మి లేవలేదు.

"ఆ ఊల్లో ఉన్నోలని రాజు అడిగినాడా?" అంది.

తాయారు చుట్ట తీసింది. "అడగనేదు. ఇంకా?"

"ముసలమ్మకి ఊరెందుకు? రోజూ అంబలికి చోళ్ళు ఇమ్మంటాది గానీ."

తాయారు ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. రాజుగారిని వదలని పిల్ల మమ్మల్ని వదులుతుందా?

వదల్లేదు. చేసిన గారెలు ఒకనాడు తక్కువయ్యాయి. కుక్క ఎత్తుకుపోయిందన్నాను. "కుక్కేటందమ్మా?" అని అడిగి, వాకిట్లోకి వెళ్ళి కుక్క మూతి వాసన చూసి మరీ వచ్చింది. ఆ రోజు తాయారుకు నేను మజ్జిగ పొయ్యలేదు.

వానలు వెనకబట్టాక అమ్మవారి పండగ చేశాం. సాయంత్రం ముఠా అంతా మా వాకిట్లో విస్తళ్ళ ముందు కూర్చుంది. నేనూ తాయారూ వడ్డిస్తున్నాం. మా ఆయన ఎప్పటిలాగే తన కథ ఎత్తుకున్నాడు. రంగంలో దిగిన కొత్తలో బస్తాల పడవ మీంచి జోగి జారి నదిలో పడ్డాడట. నది పోటు మీదుందట. ఈయన వెనకాలే దూకి, జోగి జుట్టు పట్టుకుని, ఒంటి చేత్తో ఈది ఒడ్డుకు లాక్కొచ్చాడట. ఆయన మేస్త్రీ అయింది ఆ కథతోనే. మా నాన్న నన్నిచ్చిందీ ఆ కథ వినే. ఆ జోగి అక్కడే కూర్చుని, ఎన్నోసారో వింటూ, తల వంచుకుని పులుసన్నం కలుపుకుంటున్నాడు.

"జోగి మావా, నువ్వొక్క ముక్కా అనవేటి?" అంది చిన్నమ్మి.

జోగికి ముద్ద గొంతులో అడ్డం పడింది. "నానేటంతానమ్మా? మేస్త్రిబాబు సెప్తన్నాడు గదా."

"అప్పుడు నీది పెద్ద జుట్టా?"

"జుట్టేటి? ఓడెక్కే ముందర సింవాచెలంలో నీలాలిచ్చేసి వచ్చినాను. దిగిన వారానికే ఏట్లో పడినాను. బోడిగుండు నాది," అనేసి నాలుక కరుచుకున్నాడు.

 చివర కూర్చున్న బలరాం మెల్లగా, "మరి ఎవుల జుట్టు పట్టుకున్నట్టు?" అన్నాడు. మా ఆయన చెయ్యి తనకు తెలియకుండానే తన నెత్తి మీదికి వెళ్ళింది. ఇంకేముంది, ముఠా మొత్తం గొల్లుమంది!

ఇక దాచి లాభం లేదని జోగి చెప్పేశాడు. పడింది ఇద్దరూ. ఆ రోజుల్లో మా ఆయనకు బారెడు జుట్టు. డా మ్యా అనే బర్మా ఆవిడ తన సంపాను పక్కకు తెచ్చి, ఆ జుట్టు పట్టుకుని ఆయన్ను పైకి లాగింది. జోగి ఆయన కాలు వదల్లేదు కాబట్టి తనూ వచ్చాడు.

మా ఆయన విస్తరి ముందు నుంచి లేచాడు. జోగిని ఏమీ అనలేక తాయారు మీద పడ్డాడు. "ఇదేటి నువ్వు నేర్పినావు? రేపట్నుంచి నా గడప తొక్కకు!"

"అలగే బాబూ. పిల్ల అడగడం ఇంకా అవనేదు. అడగనియ్యి," అంది ఆమె, పులుసు గరిటె పట్టుకుని.

చిన్నమ్మి వాళ్ళ నాన్న ముందుకొచ్చి నిలబడింది. "నాయినా, అందుకేనా నన్ను ఏరు దాటనియ్యవు?"

కొడతాడనుకుని నేను అడ్డం వెళ్ళాను. ఆయన కొట్టలేదు, అరుగు మీద కూలబడ్డాడు.

"ఆడగుంటకి సదువేటన్నది ఉత్త మాటేనే. నిన్ను నీల్ల మీద తలుసుకుంటే నా కాల్లు సల్లబడిపోతాయి. బయ్యం నాకు," అన్నాడు. తన ముఠా అంతా వింటుండగా అన్నాడు.

అప్పుడెవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్కసారీ సంపాను ఎక్కలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఆయన మీద నాకు అంత ప్రేమ అంతకు ముందెప్పుడూ కలగలేదు. ఆ ఈత కథ వందసార్లు విన్నా కలగలేదు.

"నిన్ను లాగిన మనిసి ఇంకా ఈ రేవులోనే తెడ్డేస్తాది. పిల్లని ఆ సంపానే ఎక్కించు," అంది తాయారు. ఆయన తల ఊపాడు.

వంటింట్లో ఆమెను పట్టుకుని దులిపేశాను. "పిల్ల బడికెల్పోతే నీ గతేటి పంతులమ్మా? నోటికాడ కూడు నువ్వే తన్నేసుకున్నావు గదా!"

"మొదటి కతనాడే తెలుసు నాకు. అడగడం వచ్చిన గుంట ఇంట్లో కూకుంటాదేటి?" అని కళ్ళు తుడుచుకుంది. పొగ అంది. చుట్ట ఇంకా వెలిగించనే లేదు.

సోమవారం పొద్దున అందరం రేవుకి వెళ్ళాం. డా మ్యా పళ్ళూడిన ముసలమ్మ అయింది. మా ఆయన్ను చూసింది, ఆయన కత్తిరించిన క్రాపు చూసింది, సంపాను ఊగిపోయేలా నవ్వింది. చిన్నమ్మి పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పడవ కదలబోతుండగా మా ఆయన ఏమనుకున్నాడో ఏమో, తనూ ఎక్కేశాడు. రెండు చేతులతో అంచులు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పిల్ల ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఎల్లొస్తానమ్మా," అని తాయారు వెనుదిరిగింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"నాకు అచ్చరాలు రావు పంతులమ్మా. నాకు నేర్పు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మేస్త్రిబాబుని అడిగినావేటి?"

"ఆయన ఏట్లో ఉన్నాడు గదా. వచ్చినాక సెప్తాను."

తాయారు పకపకా నవ్వి, అక్కడే గొంతుక్కూర్చుంది. సంపాను అవతలి ఒడ్డు చేరేలోగా రేవు బురదలో పుల్లతో నా పేరు మంగాయమ్మలోని మొదటి అక్షరం రాశాను. వంకరగా వచ్చింది. చెరిపేసి మళ్ళీ రాశాను.